కడుపు కడుక్కొచ్చిన మునికృష్ణ

మునికృష్ణకు ఆ రోజు అంతా అయోమయంగా తయారైంది. యాభై రెండేళ్ళ మనిషి. తిరుత్తణి నేతవీధిలో మగ్గం మీద కూర్చున్నాడంటే తెగిన పోగు ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పేవాడు. అలాంటివాడు తిరువళ్ళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, తాను విన్నది సరిగ్గానే విన్నాడా లేదా అని పక్కనున్న భార్య ముఖం చూశాడు. వళ్ళియమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మనే చూస్తోంది. అక్కణ్ణించి సాయం అందేలా లేదు.

విన్నది ఇదీ. అతని చెల్లెలు సుగంధికి మందు పెట్టాలి. ఆ మందు చెయ్యడానికి మునికృష్ణ మలం కావాలి.

రక్తం అడుగుతారని అతను సిద్ధపడి వచ్చాడు. మూత్రపిండం అడిగినా ఇచ్చేద్దామని బస్సు కనకమ్మ సత్రం దాటుతుండగానే మనసులో గట్టిగా అనుకున్నాడు, అనుకున్నందుకు కాస్త గర్వపడ్డాడు కూడా. తీరా వచ్చాక అడిగింది ఇది. ఇస్తానంటే పరువు తక్కువ, ఇవ్వనంటే చెల్లెలి ప్రాణం. ఇదెక్కడి చోద్యమమ్మా అనుకున్నాడు.

సుగంధికి ముప్పై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా పెద్దపేగులో వాపు, పుళ్ళు. రోజుకు పదిహేనుసార్లు పరుగు, పోయిన ప్రతిసారీ రక్తం. పెళ్ళిళ్ళు మానేసింది, బస్సెక్కడం మానేసింది, చివరికి పక్కింటి గడప తొక్కడం కూడా మానేసింది. మొగుడు దండపాణి కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పనికి పోతాడు, వారానికొకసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా పెళ్ళాం ఇంకాస్త చిక్కి కనిపించేది. మందులు వేస్తే తగ్గినట్టే తగ్గేది, మళ్ళీ మొదటికొచ్చేది. ఇది కూడా పనిచెయ్యకపోతే పెద్దపేగు మొత్తం కోసి తీసేసి, పొట్టకు రంధ్రం పెట్టి సంచి తగిలించాలని పెద్ద డాక్టర్లు తేల్చారు. ఆ మాట విన్న రోజు సుగంధి అన్న చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "సంచి మాత్రం వద్దన్నా. నేను దాన్ని తగిలించుకోని బతకలేను."

డాక్టరమ్మ పేరు కవిప్రియ. పొన్నేరి వైపు సేద్యం చేసుకునే తెలుగువాళ్ళ అమ్మాయి. ఇంట్లో తెలుగే కానీ చదువంతా తమిళంలోనూ ఇంగ్లీషులోనూ సాగింది, అందుకని తెలుగులో చెప్పాల్సి వస్తే ఒక్కో మాట ఏరుకుని నెమ్మదిగా చెప్పేది.

"అన్నా, పెద్దపేగులో కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయి," అంది. "మనకి అరగని పీచు వాటికి తిండి. దాన్ని పులియబెట్టి అవి కొన్ని ఆమ్లాలు చేస్తాయి. పేగు గోడకి ఆ ఆమ్లాలే తిండి, అవే కబురు కూడా. ఇక్కడ ఉండేది మనవాళ్ళే, కొట్టొద్దండి అని ఒంట్లో కాపలావాళ్ళకి పోయే కబురు. మీ చెల్లెలి పేగులో ఆ కబురు పంపేవి బాగా తగ్గిపోయినాయి. కాపలావాళ్ళు ఎవరు దొంగో ఎవరు ఇంటివాళ్ళో తెలీక గోడనే కొడతా ఉండారు."

మునికృష్ణ ముందుకు వంగి, అయితే తప్పు కాపలావాళ్ళదా, కబురు పంపనివాళ్ళదా అని అడిగాడు. ఎవరిదీ కాదు, ఈ రోగానికి ఇంకా వేరే కారణాలూ ఉన్నాయి, అన్నీ మాకే తెలియవు అంది ఆమె. ఈ జవాబుతో అతనికి మరీ తిక్కరేగింది. తప్పు ఎవరిదీ కానప్పుడు రోగం ఎందుకొచ్చింది, చదువుకున్నవాళ్ళకే తెలియనప్పుడు తన మలం ఎందుకు?

కవిప్రియ విసుక్కోలేదు. పాలు ఎంత మంచివైనా తోడు వెయ్యకుండా పెరుగు కాదు కదా, ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగులోంచి తెచ్చి తోడు వేస్తామన్నమాట, శుభ్రంగా వడకట్టి గొట్టంతో లోపలికి పంపిస్తాం, కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు అని చెప్పింది. వళ్ళియమ్మకు సంగతి తెలిసినట్టే ఉంది, ఆమె తల ఊపింది. మునికృష్ణ కూడా ఊపాడు. అతను ఊపింది భార్య ఊపింది కాబట్టి.

దండపాణికి చక్కెర జబ్బు, అతను పనికిరాడు. సుగంధి కూతురికి పదహారే. తోడబుట్టినవాడు ఒక్కడే మిగిలాడు. అతనికి రక్తం తీశారు, మలం తీశారు, కామెర్ల పరీక్ష, ఇంకా నోరు తిరగని పేర్ల పరీక్షలన్నీ చేశారు. పది రోజులకు ఫలితాలొచ్చాయి. అన్నీ బాగున్నాయి, మూడు వారాల తర్వాత గురువారం పొద్దున్నే రమ్మన్నారు. అప్పటిదాకా తిండి మార్చొద్దు, ఏ మందూ వేసుకోవద్దు అని తమిళంలో అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టారు. మునికృష్ణ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ చొక్కా మర్నాడే చాకిరేవుకు పోయింది.

ఇక్కడే మనవాడి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. పనిచెయ్యకుండా ఉన్నా బాగుండేది.

వాళ్ళ ఇంట్లో తాత నాటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఆడికృత్తిక పండగకు కొండమీది గుడికి కావడి ఎత్తే మనిషి వారం ముందే ఆముదం తాగి కడుపు కడుక్కోవాలి. ఆ తర్వాత పాలు, పటికబెల్లం తప్ప నోట్లో ఏమీ పెట్టకూడదు. చాప మీద పడుకోవాలి, కసురుకోకూడదు. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించాలన్నా తలకు పోసుకుని కర్పూరం వెలిగిస్తేగానీ మునికృష్ణ చెయ్యి వెయ్యడు. దేవుడికి ఇచ్చేదాన్నీ, నలుగురు కట్టుకునేదాన్నీ మైలతో ఇవ్వకూడదనేది అతని నమ్మకం. మరి తోడబుట్టినదాని ప్రాణానికి ఇచ్చేదాన్ని ఎలా ఇవ్వాలి? అందులోనూ డాక్టరమ్మ తన కడుపులో కోట్ల క్రిములున్నాయని ముఖం మీదే చెప్పింది. క్రిములంటే చంపాల్సినవి, అంతేగానీ చెల్లెలికి పెట్టాల్సినవి కాదని అతనికి పుట్టినప్పటినుంచీ తెలుసు. మంచివీ చెడ్డవీ కలిసి ఉంటాయి కాబోలు, చెడ్డవి పోగొట్టుకుని మంచివే తీసుకుపోదాం అనుకున్నాడు. ఎంత మంచి ఆలోచనో చూడండి.

గురువారానికి ఎనిమిది రోజులుందనగా తెల్లవారుజామున లేచి ఆముదం తాగాడు. ముక్కు మూసుకుని గ్లాసెడు. వళ్ళియమ్మ చూసి, కావడి కూడా లేదే, ఇప్పుడెందుకని అడిగింది. నీకు తెలీదులే అన్నాడు. మధ్యాహ్నానికి కడుపు ఖాళీ అయి, కాళ్ళు వణుకుతుండగా బజారులో మందుల అంగడికి నడిచాడు. కడుపులో క్రిములుండాయంట, ఒక్కటి కూడా మిగలకుండా పోయేదేమైనా ఇయ్యప్పా అని అడిగాడు. అంగడతను ఎన్ని రోజులకని మాత్రం అడిగి, చీటీ కూడా చూడకుండా అయిదు రోజుల మాత్రలు చుట్టి ఇచ్చాడు. పూటకొకటి చొప్పున భక్తిగా మింగాడు. పాలు, పటికబెల్లం. కింద చాప. ఆ ఎనిమిది రోజులూ ఎవరినీ కసురుకోలేదు, పడుగులో పోగు చిక్కుపడినా మూలగలేదు.

గురువారం పొద్దున తలకు పోసుకుని, విభూతి పెట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని తిరువళ్ళూరు బస్సెక్కాడు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. మనసు ఇంకా తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళకు ఒక పని సరిగ్గా చేశానని అనుకున్నాడు.

ఆసుపత్రిలో సుగంధి అప్పటికే మంచం మీద ఉంది. ముందురోజంతా ఏదో నీళ్ళు తాగించి పేగు ఖాళీ చేశారట. కొత్త నైటీ వేసుకుని, జడ అల్లుకుని, పెళ్ళికూతురిలా కూర్చుంది. అన్నను చూసి నవ్వింది. రెండేళ్ళలో ఆ నవ్వు మునికృష్ణ చూసి ఎరగడు. దండపాణి సెలవు పెట్టి వచ్చాడు. మునికృష్ణ చేతులు రెండూ పట్టుకుని నిలబడ్డాడు.

నర్సు మునికృష్ణను పక్కగదిలో కూర్చోబెట్టి అట్టకు బిగించిన కాగితం తీసింది. జ్వరం వచ్చిందా? లేదు. ఊరు దాటి పోయినారా? లేదు. ఆమె కలం గబగబా 'లేదు' గడిలోనే టిక్కులు పెట్టుకుంటూ పోతోంది. విరేచనాలయ్యాయా, ఏమైనా మాత్రలు వేసుకున్నారా, ముఖ్యంగా యాంటీబయాటిక్ అని అడిగింది. కలం అప్పటికే 'లేదు' మీదికి చేరింది.

మునికృష్ణ ఆగిపోయాడు. మునుపటి ప్రశ్నలన్నిటికీ లేదు అన్నదే మంచి జవాబని ఆమె కలం చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు కూడా లేదు అంటే చాలు, పని జరిగిపోతుంది. తలుపు సందులోంచి సుగంధి జడ కనిపిస్తోంది. కానీ తాను చేసింది దాచాల్సిన పనా? ఎనిమిది రోజులు పస్తుండి చేసిన పని! చెబితే మెచ్చుకుంటారో తిడతారో అతనికి అంతుపట్టలేదు. ఏదో తప్పు జరిగింది, అదేమిటో తెలియడం లేదు. తెలియని తప్పును చెల్లెలి కడుపులోకి పంపించడానికి మాత్రం మనసు ఒప్పుకోలేదు.

"వేసుకున్నానమ్మా," అన్నాడు. "ఆముదం తాగినాను. క్రిములు పోయేదానికి మాత్రలు కూడా వేసుకున్నాను, అయిదు దినాలు. మా చెల్లెలికి మంచిది ఇయ్యాలని."

నర్సు కలం కింద పెట్టి డాక్టరును పిలిచింది. కవిప్రియ వచ్చి మాత్రల పేరడిగింది. అతను జేబులోంచి ఖాళీ అట్ట తీసిచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, యాంటీబయాటికే అని నర్సుతో చెప్పి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"అన్నా, మాకు కావలసింది వాటినే," అంది. "మీరు చంపేసింది వాటినే."

కబురు పంపేవే పోయాయి, ఖాళీ అయిన చోట ఏవి పెరిగాయో తెలియదు, పరీక్ష చెయ్యకుండా పెట్టడం ప్రమాదం, మళ్ళీ మీ దగ్గర తీసుకోవాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి అని నెమ్మదిగా చెప్పింది. సుగంధి మూడు నెలలు ఆగగలదా అని, మాటలు విని లోపలికొచ్చిన దండపాణి అడిగాడు. కవిప్రియ లేదని తల అడ్డంగా ఊపింది. రెండు నెలల్లోపు ఏదో ఒకటి తేలాలి, లేకపోతే ఆపరేషన్.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారే, అలా అయింది మునికృష్ణ పని. అతనికి ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. శుభ్రం చేసుకురావడం తప్పెలా అవుతుంది? ఇన్నేళ్ళు దేవుడికి ఒప్పింది ఆసుపత్రికి ఎందుకు ఒప్పదు? మైల అనుకున్నది మందయితే మరి మడి అంటే ఏమిటి? చెల్లెలి మంచం దగ్గరికి పోయి తలొంచుకుని జరిగింది చెప్పాడు.

సుగంధి తల పైకెత్తి అన్న ముఖంలోకి చూసింది. ఆ తర్వాత, "నా కోసం ఆముదం తాగినావా అన్నా?" అంది. చిన్నప్పుడు ఆముదం గిన్నె చూస్తే అన్న గోడ దూకి పారిపోయేవాడని ఆమెకు తెలుసు. అదొక్కటే అడిగి, ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.

ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని కవిప్రియ అడిగింది. మునికృష్ణ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తల్లి సెల్లమ్మ పోయి ఆరేళ్ళయింది. పళవేర్కాడులో పినతండ్రి ఉన్నాడు, ఆయనకు ఎనభై దాటాయి. ఆయన కొడుకు తాగుతాడు. రక్తసంబంధంలో ఇంకెవరూ లేరు.

"నాది పనికి రాదా?" అంది వళ్ళియమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇన్ని రోజులూ ప్రతిసారీ వెంట వచ్చి, ఇలాగే ఎక్కడో ఒకచోట నిలబడి ఉంది.

నువ్వు మా రక్తం కాదు కదే అన్నాడు మునికృష్ణ. దీనికి రక్తంతో పనిలేదు, ఎవరైనా ఆరోగ్యంగా ఉంటే చాలు, నేను మొదటి రోజే చెప్పాను అంది కవిప్రియ. చెప్పే ఉంటుంది. అతని చెవికి అది చేరలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని అతనికి అప్పుడు తెలిసొచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదని భార్యను అడిగాడు. "అడిగితే కదా," అంది ఆమె.

కవిప్రియ కొత్త కాగితం తీసింది. మొదట తిండి సంగతి. పొద్దున ఏం తింటారక్కా అని అడిగింది.

వళ్ళియమ్మ నోరు తెరిచేలోపే మునికృష్ణ అందుకున్నాడు. మా ఇంట్లో పొద్దున ఇడ్లీ, లేకపోతే దోసె అన్నాడు. ఆమెనే చెప్పనీండి అంది కవిప్రియ.

వళ్ళియమ్మ ఇబ్బందిగా నవ్వింది. ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్నట్టుంది. "ఇడ్లీ ఈయనకీ మగ్గం పనికొచ్చే పిల్లోళ్ళకీనమ్మా. నేను సద్ది తాగుతాను," అంది.

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పెడుతుంది, తెల్లారి అందులో మజ్జిగ కలుపుకుని, చేతికి దొరికిన ఉల్లిపాయ కొరుక్కుని తాగుతుంది. మిగిలితే రాగిసంగటి. ఉలవచారుకు ఉలవలు ఉడికిస్తే చారు మగవాళ్ళకు, అడుగున మిగిలిన ఉలవలు తనకు. ఆకులు కూరకు పోతే కాడలు తను వేపుకుంటుంది. బీరకాయ చెక్కు పచ్చడి. అరటి దవ్వ ఎవరూ ముట్టరు కాబట్టి తనే తింటుంది. మధ్యాహ్నం భోజనం మగ్గానికి నూలు కండెలు చుట్టడం అయ్యాక, మూడింటికో నాలుగింటికో. పారెయ్యబుద్ధి కాదమ్మా, అంతే అంది. మందులేమైనా వేసుకుంటారా అంటే, నాకెప్పుడూ ఏమీ రాలేదే అంది.

కవిప్రియ రాస్తూనే ఉంది. రాస్తుంటే ఆమె ముఖంలో వెలుగు కనిపించింది. ఇవే మందని కాదు, ముందు పరీక్షలన్నీ కావాలి, కానీ ఆ క్రిములు ఇలాంటి పీచు తినే బతుకుతాయి అంది. ఇంకొక మాట ఒత్తి చెప్పింది. పరీక్షలు బాగుంటే ఎనిమిది విడతలు ఇవ్వాల్సి ఉంటుంది, అవన్నీ అయ్యేదాకా ఇప్పుడు తినేది ఒక్క మెతుకు కూడా మార్చొద్దు.

మునికృష్ణ కాగితం మీద నిండుతున్న వరసలే చూస్తూ కూర్చున్నాడు. అందులో ఒక్కటీ అతనికి తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే పొయ్యి, ఒకే కప్పు. మగ్గం మీద వెయ్యి పోగుల్లో తెగినదేదో చెప్పగలిగినవాడు, పెళ్ళాం ఏ పూట ఏం తిందో చెప్పలేకపోయాడు. ఆమె కడుపు మంచిదైనందుకు సంతోషించాలో, అది అలా మంచిదైనందుకు సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాడు. సుగంధి మంచం మీంచి చెయ్యి చాపి వదిన కొంగు పట్టుకుంది. వదిన ఆ చెయ్యి వదిలించుకోలేదు.

పరీక్షలు బాగా వచ్చాయి. వారానికొకటి చొప్పున విడతలు మొదలయ్యాయి. మొదటి రెండింటికీ ఏ తేడా లేదు, రక్తం పోతూనే ఉంది, ఆపరేషను మాట మళ్ళీ లేచింది. మూడోది పెట్టాక రోజుకు పదిహేనుసార్లు పోయేది పదయింది. నాలుగోది అయిన ఆరోరోజు మధ్యాహ్నం సుగంధి ఫోన్ చేసింది. ఇవాళ మూడేసార్లు అన్నా, రక్తం లేదు అంది. నిన్న కూడా లేదు, భయపడి చెప్పలేదు అంది. ఇప్పుడే ఏమీ అనుకోవద్దని డాక్టరమ్మ చెప్పిందట, కానీ ఆపరేషను తేదీ మాత్రం కొట్టేసిందట.

మునికృష్ణ ఫోన్ పెట్టేసి మగ్గం దిగాడు. ఏం చెయ్యాలో తెలియలేదు, ఏదో ఒకటి చెయ్యాలి. వళ్ళియమ్మ వసారాలో కండెలు చుడుతోంది. అతను వంటింట్లోకి పోయి, జన్మలో మొదటిసారి పొయ్యి వెలిగించి బియ్యం పోశాడు. చెయ్యి కాల్చుకున్నాడు, గంజి పొంగించాడు, ఎలాగో వండాడు. పొగలు కక్కుతున్న అన్నంలో పప్పు వేసి, నెయ్యి పోసి, ఆమె ముందుకు తెచ్చి పట్టుకున్నాడు. అప్పటికే ఆమె పొద్దున మిగిలిన సద్ది గిన్నెలో పోసుకుని పీట మీద కూర్చుంది.

ఆమె పళ్ళెం చూసింది, అతని ముఖం చూసింది.

"మార్చొద్దని చెప్పినారు కదా డాక్టరమ్మ. ఇంకా నాలుగు విడతలుండాయి," అంది. కోపంగా అనలేదు. "పెండ్లయి ఇరవయ్యారేండ్లు. వేడి కూడు పెట్టేదానికి ఈ దినమే దొరికిందా మీకు?"

ఆమె గిన్నె ఎత్తి తాగింది. మునికృష్ణ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు, దాన్ని ఎక్కడ దించాలో అతనికి తోచలేదు.